కౌజు పిట్టను గుర్తించుట

వేదములలో నొక శాఖకు పక్షి పేరు వచ్చినదన్న సంగతి మన సోదరీమణులలో పెక్కుమంది వినియే యుందురు. వైశంపాయనుడు తన శిష్యుడగు యాజ్ఞవల్క్యునిపై కోపించి, నేర్చిన వేదమును మరల తన కిచ్చి పొమ్మనగా, ఆయన దానిని క్రక్కివేసెననియు, తక్కిన శిష్యులు తిత్తిరిపక్షుల రూపము దాల్చి దానిని ముక్కులతో నేరుకొనిరనియు విష్ణుపురాణము, భాగవతము చెప్పుచున్నవి. ఆ శాఖయే తైత్తిరీయము. తెలుగుదేశమున వేదము వల్లించు ఇండ్లలో పెక్కిండ్లవా రా శాఖకు చెందినవారే. ఇట్లు తరతరములుగా ఆ పేరు చెవిని పడుచున్నను, ఆ తిత్తిరి యెట్లుండును, ఎచ్చట నుండును, దానిని తెలుగున నేమందురు అని యడిగినచో బదులు చెప్పగలవారు మనలో నెందఱు?

తిత్తిరి యన కౌజు జాతి పిట్ట. దానిని చూచుటకు హిమాలయములకు పోనక్కఱలేదు. మెట్టపొలముల గట్లమీదను, రేగుపొదల చాటునను, ఊరికి కూతవేటు దూరముననే యది తిరుగుచుండును. ఈ నెల దానిని గూర్చి వ్రాయుటకు మాకు వేరొక కారణము కూడ కలిగినది.

కిందటి మాసమున నొక సోదరి మాకు పెద్ద ఉత్తరము వ్రాసినారు. వారి తోడికోడలు ప్రసవించి పదునెనిమిది దినములైనదట. బాలింతకు బలము చేకూరుటకు కౌజుచారు పెట్టవలెనని అత్తగారి పట్టు. ఇంతలో నొక వలకాడు వెదురుబుట్టలో నాలుగు పిట్టలను తెచ్చి వాకిట నిలిచెనట. అత్తగారు బేరమాడుచుండగా చదువుకొన్న మఱది వచ్చి, “వీనిని పట్టుటయు, కొనుటయు నేరము” అని అడ్డుపడెనట. దానికి అత్తగారు, “అంగడిలో ప్రతి ఆదివారమును కౌజుపిట్టలను కోసి అమ్ముచునే యున్నారు. అది నేరము కానిచో ఇది యెట్లు నేరమైనది? పేరొక్కటియే గదా!” అనిరట. ఇంటిలో నెవరును బదులు చెప్పలేకపోయిరి. వలకాడు పదిదినములకు మరల వత్తునని చెప్పి పోయెను. “అత్తగారి మాట కేమి చెప్పవలెనో తెలియక యిల్లంతయు ముభావముగా నున్నది. మీరు తెలిసినంతవఱకు వ్రాయుడు” అని ఆ సోదరి కోరినారు.

అత్తగారి ప్రశ్న తీసివేయదగినది కాదు. చట్టము చదివినవాడు బదులు చెప్పలేని చోట, పిట్టను చూచి గుర్తింప నేర్చినవారు చెప్పగలరు. కావున ముందు పిట్టను తెలిసికొని, పిమ్మట తగవునకు వత్తము.

పేరొకటి, పిట్టలు వేఱు

నేడు అంగళ్ళలో కౌజు పేరుతోను, కంజు పేరుతోను అమ్మబడునది నిజమునకు కౌజు కాదు. అది జపాను పూరేడు. పూరేడనగా కౌజుకంటె చాల చిన్నదగు వేఱొక పిట్ట. సంస్కృతమున దీనిని లావుకమందురు. జపానువారు ఆ జాతిని ఇండ్లలో పెంచి మచ్చిక చేసిరి. 1970ల దశకమున అది మనదేశపు పరిశోధనాలయములకు వచ్చి, అక్కడనుండి పెంపకపు కొట్టములకు ప్రాకినది. పూర్తిగా ఎదిగినను నూటయేబది, రెండువందల గ్రాములు తూగును. పుట్టిన ఆరేడు వారములకే గ్రుడ్లు పెట్టును. పెంపకపుకొట్టములో పుట్టి, పెంపకపుకొట్టములోనే పెరుగు జాతి యగుటచే దానిని అమ్మువాడు మన అడవికిగాని, పొలమునకుగాని లోటు చేయుటలేదు. అంగడివారు దానికి మన కౌజు పేరు తగిలించిరి. ఆ పేరే ఇప్పుడీ తగవునకు మూలము.

వంటింట నున్న మనకు ఈ రెంటిని వేఱుచేయుటకు సులభమైన గుర్తొకటి కలదు. అంగడిలో అట్టపెట్టెలలో వచ్చు చిన్నగ్రుడ్లను చూడుడు. ఒక్కొక్కటి సుమారు పది గ్రాములుండి, పెంకుమీద సిరా చిలికినట్లు నల్లని, గోధుమవన్నె మచ్చలతో నిండియుండును. అవి పూరేటి గ్రుడ్లు. అడవి కౌజు గ్రుడ్డు అట్లుండదు. అది మచ్చలు లేక, మీగడవన్నెగానో, పాలు ఎక్కువ కలిపిన కాఫీవలెనో యుండును. గ్రుడ్డే వేఱైనపుడు పిట్ట యొక్కటి యెట్లగును?

రూపము

కౌజు జానెడుకు కొంచెము మించిన పొడవు, పావుకిలోకు కొంచెము అటునిటు బరువు కలది. దూరమునుండి చూచిన సగమెదిగిన కోడిపెట్టవలె నుండును; ఒడలు గుండ్రన, తోక పొట్టి. ఱెక్కలును వీపును గోధుమ, బూడిద, ఇటుక వన్నెలు కలగలిసియుండి, వానిమీద లేతవన్నె అడ్డుచారలు నేతచీరలోని పేటవలె కనబడును. ఱొమ్ముమీదను పొట్టమీదను సన్నని నల్లగీతలు అలలు అలలుగా నుండును. ఎండిన గడ్డిలో నిది కదలక కూర్చుండినచో అడుగుదూరముననున్నను కంటి కానదు. అందువలననే వెదకువారు వన్నెను నమ్ముకొనరాదు, గొంతును చూడవలెను.

కౌజు గొంతు లేతపసుపువన్నె కలది. మన దక్షిణదేశపు పిట్టలలో నా పసుపునకు ఇటుకచాయ యొకింత కలిసియుండును. ఆ గొంతుచుట్టు నల్లని సన్నగీత యొకటి హారమువలె దిగియుండును. ముత్తయిదువ మెడలోని నల్లపూసల పేరు నెట్లు మఱవమో, ఒక్కసారి చూచిన పిమ్మట ఈ గీతను అట్లే మఱవము. ఇది కౌజునకు మొదటి గుర్తు.

రెండవది కాళ్ళు. అవి మాసిన యెఱుపువన్నెతో నుండును. మగపిట్టకు కాలివెనుక పుంజునకువలె వాడియైన ముల్లుండును. ఒక్కొకప్పు డొకే కాలికి రెండును గలుగును. ఆడుదానికి సామాన్యముగా నది యుండదు. తక్కిన రూపమున ఆడుమగల కంతగా భేదము లేదు గనుక జంటను వేఱుపఱచుటకు ఈ ముల్లే ఆధారము.

మూడవది యెగిరినపుడు తెలియును. కౌజు తేలికగా ఎగురదు. అలికిడి వినబడగానే తల యెత్తి, మెడ చాచి, పొదల సందున పరుగెత్తి మాయమగును. మఱి తప్పనిచో బుఱ్ఱున లేచి, ఱెక్కలు టపటప కొట్టుకొనుచు నేలకు దాపుగా కొంతదూరము పోయి మరల పొదలో దిగును. ఆ లేచుటలో తోక విచ్చుకొని, ప్రక్క యీకలు ఎఱ్ఱమట్టివన్నెతో మెఱయును. పూరేడైనచో ఇట్లు పరుగెత్తదు. పాదము మీద పడునంతవఱకు కదలక యుండి, కాలిక్రిందనుండియే ఎగిరిపోవును. లేచిన పిట్ట పిడికిలియంత యైనచో పూరేడు, కోడిపెట్టయంత యైనచో కౌజు అని మా ఊరి రైతులు చెప్పు లెక్క మాకు సరిగానే కనబడినది.

కూత

నిజము చెప్పవలెనన్న, కౌజును కన్నులతో వెదకుటకంటె చెవులతో వెదకుట మేలు. ఈ విషయమున పురుషులకంటె స్త్రీలకే అవకాశ మెక్కువ. ఏలయన తెలతెలవాఱుచుండగా లేచి కల్లాపి చల్లు వేళయే అది గట్టిగా కూయు వేళ.

దాని కూత “క-టీ-టర్, క-టీ-టర్” అని మాటిమాటికి వచ్చును. నడుమ నడుమ “టీ-టర్, టీ-టర్” అని పొట్టిగాను వచ్చును. ఛందస్సు తెలిసిన సోదరీమణులు గణము కట్టి చూడవచ్చును. మొదటిది లఘువు, తరువాతి రెండును గురువులు, అనగా యగణము. ఉత్తరదేశమువారు దీనిని తీతర్ అనుటయు, సంస్కృతమువారు తిత్తిరి యనుటయు ఈ కూతను అనుకరించుటవలననే యని తోచుచున్నది. మగపిట్ట వేఱొక మగపిట్టను సవాలు చేయునపుడు “కటీలా, కటీలా” యని గొంతెత్తి పలుకును. అదియు యగణమే. ఒక పొదలోని పిట్ట మొదలిడగానే వేఱొక పొదలోనిది అందుకొనును. అవధానులు ఇద్దఱు పోటీపడినట్లుండును.

మా ఇంటివారు పనిచేయు బడి వెనుకనొక బీడు కలదు. అందు రేగు, తుమ్మ, కలివి పొదలు దట్టముగా నున్నవి. కూత వినబడిన దినములను మేము తిథితోసహా ఒక నోటుపుస్తకమున గుర్తించుచున్నాము. ఎండలు ముదిరిన చైత్ర వైశాఖములలో ఉదయము విడువక వినబడును; తొలకరి పిమ్మటను కొంతకాలము సాగును; మార్గశిరము నాటికి పలుచబడును. పుస్తకములలో దీని సంతానకాలము ముఖ్యముగా ఏప్రిలు మొదలు సెప్టెంబరు వఱకని వ్రాయబడియున్నది. మా పుస్తకపు లెక్కయు దానికి తోడు పలుకుచున్నది. గొంతెత్తి కూయునది గూడు కట్టుకొను పిట్ట యని గ్రహింపవలెను.

ఎక్కడ, ఎట్లు వెదకవలెను?

కౌజు మెట్టదేశపు పిట్ట. ముండ్లపొదలు, గడ్డిబీళ్ళు, జొన్న సజ్జ చేలగట్లు, ఎండిన వాగుల ఒడ్లు దీని ఇండ్లు. దట్టమైన అడవిలోను, నీరు నిలుచు పల్లపు వరిమళ్ళలోను దీనికై తిరుగుట వృథాశ్రమ. రాయలసీమ, తెలంగాణముల మెట్టలు దీనికి పుట్టినిండ్లు. కర్నూలు దాపున, నేటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు గడ్డిబీళ్ళు బట్టమేకపిట్టకై 1988లో అభయారణ్యముగా ఏర్పడినవి. అట్టి బీళ్ళు నిలిచిన చోట కౌజునకును నీడ దొరకును.

తెల్లవాఱుజామున, సూర్యుడు పొడచూపక పూర్వమే పొలమునకు పోవలెను. సాయంకాలము ప్రొద్దు వ్రాలుచుండగా పోయినను మంచిదే. మెఱయు చీరలు, గలగలలాడు గాజులు, వెంట కుక్క పనికిరావు. కూత వినబడిన దిక్కునకు తిన్నగా పోక, నూఱడుగులు నడచి నిలువవలెను. మరల కూసినపుడు ఇంకొక నూఱడుగులు. ఇట్లు రెండు మూడు చోట్లనుండి విన్నచో అది యే పొదలో నున్నదో తెలిసిపోవును. పిమ్మట ఒక గట్టుచాటున కూర్చుండి ఓపిక పట్టినచో పిట్టయే బయటికి వచ్చును.

వచ్చి యేమి చేయుచున్నదో చూచుటయే ముచ్చట. వైద్యగ్రంథములలో ఇట్టి పక్షులను విష్కిరములనిరి. నేలను గీరి, చిమ్మి, మేయునవి యని అర్థము. కౌజు కాళ్ళతో మట్టిని వెనుకకు చిమ్ముచు రాలిన ధాన్యమును, గడ్డిగింజలను ఏరుకొనును. చెదలన్నను, పేడపురుగులన్నను దానికి మిక్కిలి ప్రీతి. చెదపుట్టల దాపున దుమ్ములో మూడువ్రేళ్ళ జాడలు, గీరిన గుంటలు కనబడినచో కౌజు తిరుగుచున్నట్లే. ఎండ యెక్కినపుడు మెత్తని దుమ్ములో పొరలి స్నానమాడును. ప్రొద్దు క్రుంకగానే ముండ్లచెట్ల తక్కువ కొమ్మలపై గుంపుగా చేరి నిద్రించును. చెదలు తినుటచేత అది రైతునకు కూలి అడుగని పాలేరు.

దీని గూడని పేరు పెట్టదగినది లేదు. పొదమొదట నేలమీద చిన్న గుంట, అందు గుప్పెడు గడ్డి, దానిలో సామాన్యముగా ఆరు మొదలు ఎనిమిది గ్రుడ్లు. పిల్లలు గ్రుడ్డు చీల్చుకొని వచ్చిన కొలది సేపటికే తల్లివెంట పరుగెత్తును. ఎవరైన గూటిని చూచినచో వెంటనే వచ్చిన దారినే వెనుకకు మఱలవలెను. తొక్కిన గడ్డి మన జాడను నక్కకు, ముంగిసకు చూపించును. పిల్లలను వెంట తీసికొని పోవువారు ఈ నియమమును ముందే చెప్పి తీసికొనిపోవలెను.

ఇంకొక మాట. నేడు చేతిఫోనులో పిట్టకూతను పట్టుట సులభము. పట్టి యింటికి తెచ్చి వినుట మంచి పనియే. కాని ఆ కూతను పొదయొద్ద మ్రోగించి పిట్టను బయటికి రప్పించుట మంచిది కాదు. వెనుకటి వేటకాండ్రు దీమమని యొక పెంపుడుపిట్టను పంజరమున పెట్టి కూయించి, దానితో పోరాడవచ్చిన అడవిపిట్టలను వలలో పట్టెడివారు. గూటికాలమున మన ఫోనుకూతయు అట్టి దీమమే. పగవాడు వచ్చెనని మగపిట్ట పరుగెత్తి వచ్చును.

కక్కెర

కౌజునకు మన మెట్టలలో నొక దాయాది కలదు. దానిని కక్కెర యందురు. పందొమ్మిదవ శతాబ్దమున మదరాసు సైన్యమున వైద్యుడుగా నుండిన జెర్డను దొర కొంతకాలము నెల్లూరున గూడ పనిచేసెను. ఆయన 1862-64 సంవత్సరములలో ప్రకటించిన భారతపక్షుల గ్రంథమున ఈ రెండింటి తెలుగు పేర్లను గూడ వ్రాసియుంచెను. మన పేర్లను మనము మఱచుచుండగా పరదేశీయుడు వ్రాసి దాచెనన్నమాట.

కక్కెర ఇంచుమించు కౌజంతటిదే గాని చారలపిట్ట కాదు, చుక్కలపిట్ట. నల్లని ఱొమ్ముమీద పెసరగింజలు చల్లినట్లు తెల్లని గుండ్రని చుక్కలుండును. ముఖము ఇటుకవన్నె, కాళ్ళు నారింజ కలిసిన యెఱుపు. ఆడుమగలలో దేనికిని కాలిముల్లుండదు. గొంతుచుట్టు నల్లపూసల గీతయు లేదు. కౌజుకంటె కొంచెము పచ్చనైన, గడ్డి యెక్కువైన చోట్లను కోరును. ముఖ్యముగా వానకాలమున, జూను మొదలు సెప్టెంబరు వఱకు, మొద్దుమీదనో కొమ్మమీదనో ఎక్కి గరగరలాడు గొంతుతో “చిక్... చీక్-చీక్-కెరే” యని కూయును. కక్కెర యను తెలుగుపేరు ఈ “కెరే” నుండియే పుట్టెనేమో యని మాకొక ఊహ.

ఇట్టి పిట్టలలో తేడాలు కలవని మన ప్రాచీనులును ఎఱిగియుండిరి. ఇంద్రుడు విశ్వరూపుని మూడు తలలను ఖండింపగా, సోమము త్రాగు తల కపింజలమయ్యెననియు, సుర త్రాగునది కలవింకమయ్యెననియు, అన్నము తినునది తిత్తిరియయ్యెననియు తైత్తిరీయ సంహితలో కథ యున్నది. కపింజలమును తిత్తిరియు రెండును కౌజుజాతి పేర్లే. వేయేండ్లకు పూర్వమే వేర్వేఱుగా చూచి పేర్లు పెట్టిన పిట్టలను, నేడు ఒక జపాను పిట్టతో కలిపి ఒకే పేర పిలుచుట మనకు గౌరవము కాదు.

సోదరి ప్రశ్నకు సమాధానము

ఇక నా ఉత్తరమునకు వత్తము. బుట్టలోని పిట్టల గొంతుచుట్టు నల్లని గీత యున్నదనియు, కాళ్ళు యెఱ్ఱగా నున్నవనియు, రెండింటికి మాత్రము కాలివెనుక ముల్లు కలదనియు ఆ సోదరి శ్రద్ధతో చూచి వ్రాసినారు. ఇంతకంటె సాక్ష్యమక్కఱలేదు. అవి అడవి కౌజులు. బహుశః రెండు జంటలు. ఆయన పట్టి తెచ్చినది గూటికాలమున. అనగా అమ్మబడునవి నాలుగు పిట్టలేయైనను, ఏ పొదక్రిందనో ఆరునారు పండ్రెండు గ్రుడ్లు చల్లారియుండవచ్చును. బాలింతకు పెట్టదలచిన చారులో ఈ లెక్కయు చేరియున్నదని అత్తగారి కెవరును చెప్పి యుండరు.

చట్టము మాట యిది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ పిట్టలను కాపాడుచున్నది. పట్టుట, చంపుట మాత్రమేగాక అమ్ముటయు, కొనుటయు నేరములే. చెఱ, జరిమానా రెండును కలవు. అంగడిలోని జపాను పూరేడు పెంపుడుజాతి గనుక కోడివలె దానిని పెంచి అమ్ముచున్నారు. అత్తగారి ప్రశ్నకు బదులు ఇదియే: పేరొక్కటి గాని పిట్ట యొక్కటి కాదు, ఒకటి కొట్టములోనిది, ఒకటి పొలములోనిది.

బాలింత బలము మాట. మాంసము తినుట, తినకపోవుట వారివారి యింటి ఆచారము. అందు మేము చేయి పెట్టము. తిను ఇండ్లలో నాటుకోడియో, గ్రుడ్డో, చేపయో, కావలెనన్న అంగడి పూరేడో పెట్టవచ్చును. తినని ఇండ్లలో పెసరపప్పు, పాలు, మునగాకు, నువ్వులు ఉండనే యున్నవి. వైద్యురాలిచ్చిన ఇనుపధాతువు మాత్రలను మానరాదు. వేళకు కడుపునిండ భోజనమును, కంటినిండ నిద్రయు బాలింతకు బలము. ఆ రెండును ఇచ్చుట అత్తగారి చేతిలోను, తోడికోడలి చేతిలోను ఉన్నవి గాని వలకాని బుట్టలో లేవు.

అత్తగారితో వాదింపవలదు. ఆమె కోరునది కోడలి మేలే. ఒక ఉదయము కల్లాపివేళ పెరటి దిడ్డి తెఱచి, “అత్తయ్యగారూ, అదిగో వినుడు, అదియే మన పొలము కౌజు” అని ఆ కూతను వినిపింపుడు. పల్లెటూళ్ళలో పెరిగిన పెద్దవారికి ఆ కూత కొత్తది కాదు. మనకంటె వారే దానిని గుర్తుపట్టుదురు. పురిటింటిలో నున్న తల్లియు, పొదక్రింద నున్న తల్లియు ఒకే కాలమున పిల్లలను సాకుచున్నవారని తెలిసిన పిమ్మట నెంతటి పెద్దవారికైనను మనసు కరగక మానదు.

వలకాడు మరల వచ్చినచో కొనకుడు. జాలిపడి కొని విడిచిపెట్టుటయు వలదు; ఈ నాలుగింటికి డబ్బు ముట్టినచో ఎల్లుండి ఎనిమిది పట్టి తెచ్చును. ఇది నేరమని నెమ్మదిగా చెప్పుడు. మానకున్నచో అటవీశాఖవారికి తెలుపుడు. అతని పొట్టయు నిండవలెను గదా యని కొందఱు సోదరీమణులు తలంతురు. నిజమే. పిట్టల తావులను, కూతలను, గూళ్ళను అతనివలె ఎఱిగినవా రరుదు. పొలము కాపునకో, తోటపనికో అట్టివారిని పిలిచి కూలి యిచ్చినచో ఆ తెలివికి మర్యాదయు దక్కును.

ఎందుల కింత పట్టుదల?

కౌజు ఇంకను దేశమున విరివిగానే యున్నది, నాలుగు పిట్టలకై ఇంత పట్టేల యని యెవరైన అడుగవచ్చును. కడపసీమలోని కలివికోడి సంగతి వినుడు. జెర్డను పేరనే పాశ్చాత్యులు పిలుచు ఆ పిట్ట 1900 సంవత్సరము తరువాత పండితుల కెవరికిని కానరాలేదు. లేనే లేదని పుస్తకములు వ్రాసికొనిరి. 1986లో లంకమల దాపున అది మరల కనబడినపుడు దానిని ఎఱిగి, పేరు పెట్టి పిలిచి, చూపించినవారు అక్కడి పల్లెవారే. పేరు తెలిసినవా రొక్కరైనను ఉన్నంతకాలము పిట్ట పూర్తిగా పోదు. పేరు తాఱుమాఱైనచో అది కన్నులయెదుటనే తఱిగిపోయినను, అంగడిలో కావలసినన్ని యున్నవని మనము నిశ్చింతగా నుందుము.

మనము చేయగల పని చిన్నదే. పొలము కలవారు గట్లమీది రేగు, కలివి పొదలను ఊరక కాల్చివేయక ఒక వరుసనైన విడిచిపెట్టింపుడు. పిల్లలకు వేసవి సెలవులలో కూత విని లెక్క వ్రాయు పని అప్పగింపుడు. అంగడికి పోయినపుడు కౌజు అనక జపాను పూరేడని పేరు పెట్టి యడుగుడు; నలుగురు అడిగినచో ఐదవనాడు అంగడివాడే ఆ పేరు వ్రాసికొనును.

ఈ నెలలో ఏ యూరి యే దిక్కున, యే తిథిని కౌజు కూత వింటిరో, చారలపిట్టను చూచితిరో, చుక్కలపిట్టను చూచితిరో చదువరులు ఒక కార్డుముక్కపై మాకు వ్రాయవలెనని కోరుచున్నాము. మీ ప్రాంతమున దీనికి వేఱు పేరున్న నదియు తెలుపుడు. వచ్చు మాసమున పూరేళ్ళలోని భేదములను గూర్చి వ్రాయుదుము.